కెమెరా వెనకున్న పెద్ద టీచరమ్మ

మా పెద్ద టీచరమ్మ పోయారు. పోయిన గురువారం పొద్దున, డెలానీపూర్‌లో వాళ్ళింట్లో, కాఫీ తాగి గ్లాసు పక్కన పెట్టి, కుర్చీలో కూర్చున్నట్టే వెళ్ళిపోయారట. వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను బడికి బయల్దేరుతూ తాళంచెవి వెతుక్కుంటున్నాను. వేళ కాని వేళ ఫోన్ మోగితే నాకు గుండె దడ. నూటికి తొంభైతొమ్మిదిసార్లు అది ఉత్త దడే. ఈసారి కాదు.

ఆ పిల్ల ఏడుస్తూనే ఇంకో సంగతి చెప్పింది. విశాఖలో ఉన్న పిన్నికి మోకాళ్ళ నొప్పులు, ప్రయాణం చెయ్యలేరు, కాబట్టి అంతా వీడియో తీసి పంపాలని, అది నేనే తియ్యాలని. కాదనలేకపోయాను. ఇంటి దగ్గర్నుంచి చర్చికీ, చర్చి నుంచి సమాధుల తోటకీ ఫోన్ పట్టుకుని తిరిగాను. వీడియో ఎక్కుతోందో లేదో అన్న భయంతో నిమిషానికోసారి ఆపి చూసుకున్నాను. తీరా చూస్తే అంతా ముక్కలు ముక్కలు. ప్రార్థన మొదలు ఉంది, చివర లేదు. మట్టి వేస్తున్న చేతులున్నాయి, మనుషులు లేరు. ఆవిడ చూసి ఉంటే ఏమనేవారో నాకు తెలుసు. ఏమీ అనేవారు కాదు. రెండోసారి చూపించేవారు.

ఇప్పటివాళ్ళకి తెలియకపోవచ్చు, పోర్ట్ బ్లెయిర్‌లో మన తెలుగువాళ్ళకి వీడియో కెమెరా అంటే మొదట చావు గుర్తొచ్చేది. క్యాసెట్ల కాలం అది. ఇక్కడ ఎవరైనా పోతే విశాఖ వైపున్న అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అందుకోలేరు. ఓడ దొరికితే ఎక్కి దిగడానికి మూడు నాలుగు రోజులు, దొరకకపోతే నెల. అంచేత ఆఖరి చూపు క్యాసెట్‌లో ఎక్కించి, ఓడ ఎక్కేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. పెళ్ళిళ్ళూ తీసేవాళ్ళనుకోండి. కానీ పెళ్ళయితే వాడంతటికీ ముందే తెలుస్తుంది కదా.

అలాంటి కెమెరా ఒకటి పెద్ద టీచరమ్మ ఇంట్లో ఉండేది. సరుకు ఓడ మీద పనిచేసే వాళ్ళ తమ్ముడు ఏదో దేశం నుంచి తెచ్చిచ్చాడు. మామూలుగా తీసేది భర్త. ఆయనకి హార్బర్‌లో డ్యూటీ ఉన్న రోజున ఆవిడే నల్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళేవారు. ఆ సంచీ మా తెలుగువాళ్ళుండే జంగ్లీఘాట్ సందులోకి దిగిందంటే ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి, అది ఏ ఇంటి ముందు ఆగుతుందోనని చూసేవాళ్ళు.

నేను ఉద్యోగంలో చేరిన మూడో నెలలో ఆవిడ ఒకరోజు ఆ సంచీతో బడికి వచ్చారు. గంట కొట్టి అరగంట కాలేదు, గేటు దగ్గర నలుగురు తల్లులు. చేపల దగ్గర్నుంచి అలాగే పరుగెత్తుకొచ్చారు, చేతులకి పొలుసు కూడా వదల్లేదు. అందులో ఒకామె అప్పటికే ఏడుస్తోంది.

"ఎవులు పోనారు టీచరమ్మా? మా గుంటడేనా? బేగి సెప్పండి" అంది.

పెద్ద టీచరమ్మ వాళ్ళని గేటు బయట నిలబెట్టి సమాధానం చెప్పలేదు. లోపలికి తీసుకొచ్చి, పిల్లల పక్కనే బెంచీల మీద కూర్చోబెట్టారు. "ఎవరూ పోలేదమ్మా. బతికున్నవాళ్ళని కూడా తియ్యొచ్చు" అన్నారు. తర్వాత కెమెరాని స్టూలు మీద నాలుగు పుస్తకాలు పేర్చి నిలబెట్టి, కొంగుతో అద్దం తుడిచి, కొంగుతో తుడిచినందుకు తనని తానే తిట్టుకుని, "చలో" అని తన పాఠాన్నే తీసుకోవడం మొదలుపెట్టారు. ముగ్గురు తల్లులు కాసేపటికి వెళ్ళిపోయారు. ఏడ్చినామె మాత్రం ఇంటి గంట కొట్టేదాకా కొడుకు పక్కనుంచి కదల్లేదు.

ఎందుకీ పని అని నేనే అడిగాను. ఎప్పుడో విశాఖలో ట్రైనింగుకి వెళ్ళినప్పుడు, అక్కడ కాలేజీలో పాఠం చెప్పేవాళ్ళని కెమెరాతో తీసి వాళ్ళకే చూపించడం చూశారట. అప్పట్నుంచీ మనసులో ఉంది. ఇప్పుడు కెమెరా ఉంది, మా తెలుగు సెక్షన్ బాధ్యత కూడా ఆవిడదే. ఐదు తరగతులు, ముగ్గురు టీచర్లం.

ఆ రోజు నుంచీ అదే కెమెరాతో ఆవిడ పిల్లలకి ఏవేవో చూపించేవారు. మా పుస్తకాలు అవతలి ఒడ్డున అచ్చయినవి. అందులో రైలు పాఠం ఉంది. మా పిల్లల్లో ఒక్కరూ రైలు చూసినవాళ్ళు లేరు, మాటకొస్తే నేనూ చూడలేదు. తమ్ముడి చేత విశాఖ స్టేషన్‌లో రైలు తీయించి తెప్పించారు. కరెంటు ఏ గంటకి పోతుందో, ఏ గంటకి వస్తుందో ఆవిడకి నోటికి తెలుసు. అది చూసుకుని, కిటికీలకి గోనెపట్టాలు కట్టి, టీవీ పెట్టారు. రైలొచ్చి ఆగింది. దీనికి లంగరు ఎక్కడ వేస్తారు అని ఒకడు అడిగాడు. నేను ఫక్కున నవ్వాను, నాతోపాటు తరగతంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. క్యాసెట్ వెనక్కి తిప్పి, రైలు ఆగే చోట మూడుసార్లు చూపించి, చక్రాల దగ్గర ఏం జరుగుతోందో వాడిచేతే చెప్పించారు. సాయంత్రం నాతో, "ఆ నవ్వుతో వాడు ఏడాది పాటు నోరు మూసుకునేవాడు పిల్లా" అన్నారు, అంతే.

నన్ను ఎప్పుడూ 'పిల్లా' అనే పిలిచేవారు. నేను జంగ్లీఘాట్‌లో చేపల వేటకెళ్ళే ఇంటి పిల్లని. మా నాన్నవాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మొదటివాళ్ళలో ఉన్నారు. మా ఇంట్లో ఉద్యోగమన్నది నాతోనే మొదలు. ఆ ఉద్యోగం అప్పటికింకా పర్మినెంట్ కాలేదు. హెడ్మాస్టరు హిందీ ఆయన, చెప్పాపెట్టకుండా వచ్చి తరగతి గుమ్మంలో నిలబడి చూసి పోయేవారు. ఆయన చెప్పుల చప్పుడుకి నాకు నాలుక పిడచకట్టుకుపోయేది. పాఠం మధ్యలో దగ్గు ముంచుకొచ్చేది. రోగం కాదు, భయం.

కాబట్టి ఆవిడ నా పాఠం తీస్తానన్నప్పుడు నేను కాళ్ళావేళ్ళా పడ్డంత పని చేశాను. "నిన్ను కాదు, పాఠాన్ని తీస్తాను. డరో మత్" అన్నారు. ఒక మంగళవారం నా ఐదో తరగతిలో నల్లబల్ల పక్కన మూలగా కెమెరా నిలబెట్టి, పిల్లలూ నేనూ అందరమూ కనబడేలా తీసేశారు. వాన పాఠం. నీరు ఆవిరి కావడం, మబ్బు కావడం. ఇక ఇంటికొచ్చి చూసుకో అన్నారు.

వెళ్ళలేదు. మూడు వారాలు తప్పించుకు తిరిగాను. ఒకరోజు అమ్మకి జ్వరం, ఒకరోజు నీళ్ళొచ్చే రోజు, ఒకరోజు కరెంటు లేదు. మనం ఎంత చేతకానివాళ్ళమో మనకి తెలియకుండా ఉండటమే నయం కదా అనుకునేదాన్ని. ఆవిడ ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు. ఎప్పుడొస్తున్నావు అని నవ్వి ఊరుకునేవారు. ఆ నవ్వు నాకు నిద్ర లేకుండా చేసేది.

ఈలోపు పరీక్షలొచ్చాయి. నా తరగతిలో నూకరత్నం అనే పిల్ల ఉండేది. కిటికీ పక్కన రెండో బెంచీ. రాత పరీక్షలో అంతంత మాత్రం, నోటి పరీక్షకి పిలిస్తే నేల చూపులు. ఒక్క మాట రాదు. సున్నా వేశాను. ఆ సున్నాతో పిల్ల తప్పింది. ఫలితాలు చదివిన రోజున వాళ్ళ నాన్న వచ్చాడు. గొడవ చెయ్యలేదు. బుర్రలేని పిల్లకి ఇంకో ఏడాది బడెందుకని, శనివారం విశాఖ ఓడలో మేనత్తతో ఊరికి పంపేస్తున్నానని చెప్పాడు. అక్కడ నాయనమ్మకి చంటిపిల్లల్ని చూసుకోవడానికి మనిషి కావాలట. విశాఖ ఓడ నెలకొకటే. వెళ్ళినవాళ్ళు చదువుకోసం తిరిగొచ్చిన దాఖలా నాకు తెలియదు.

నిజం చెప్పుకోవాలి. ఆ మాట విన్నప్పుడు నాకు జాలి వేయలేదు. మొద్దు పిల్ల ఒకరు తగ్గారని కాస్త తేలికపడ్డాను.

శనివారం పొద్దున పెద్ద టీచరమ్మే మా ఇంటికొచ్చారు. ఇవాళ కరెంటుంది, నీళ్ళు రావు, మీ అమ్మ బజార్లో చేపలు బేరమాడుతూ కనబడింది, ఇంకేం చెబుతావో చెప్పు అన్నారు. ఆవిడ వెంట వెళ్ళాను.

క్యాసెట్ పెట్టి, ఆవిడ మొదట చేసిన పని శబ్దం పూర్తిగా తగ్గించెయ్యడం. "శబ్దం ఉంటే నువ్వు చెప్పింది వింటావు. తీసేస్తే చేసింది కనబడుతుంది" అన్నారు. టీవీలో నేను కనబడ్డాను. చీర సర్దుకుంటున్నాను, సుద్దముక్క నలుపుతున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. కాసేపటికి సిగ్గు పోయి ఇంకోటి కనబడటం మొదలైంది. ప్రతి ప్రశ్న అడిగాక నా తల గుమ్మం వైపు తిరుగుతోంది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, పాఠం పొడవునా అంతే. పాఠం పిల్లలకి చెబుతున్నాను, చూపు మాత్రం హెడ్మాస్టరు వచ్చే దారి మీద. గుమ్మం పక్కన కూర్చున్న నలుగురు పిల్లలు ఆ దారిలో ఉన్నారు కాబట్టి వాళ్ళనే అడుగుతున్నాను. కిటికీ వైపు తరగతి సగం నాకు లేనే లేదు.

ఆవిడ కాఫీ తెచ్చి ఇచ్చారు. క్యాసెట్ వెనక్కి తిప్పి, ఈసారి కిటికీ వైపు చూడమన్నారు.

నూకరత్నం పెదవులు కదులుతున్నాయి. నేను అడగడం పూర్తికాకముందే కదులుతున్నాయి. మిగతావాళ్ళు చెయ్యెత్తేసరికి ఆ పిల్ల జవాబు చెప్పేసి కూర్చుంటోంది. ఒకచోట నాకు అక్షరాలతో సహా తెలిసింది, 'ఆవిరి' అంది. అని, తలెత్తి నావైపు చూసింది. టీవీలో ఉన్న నేను గుమ్మం వైపు తిరిగాను. పిల్ల కాసేపు అలాగే చూసి, తల దించుకుంది. ప్రతి ప్రశ్నకీ అదే. చెప్పడం, నన్ను చూడటం, దించుకోవడం. లంగరు మాటకి నేను నవ్విన నవ్వు ఆ పిల్ల కూడా వినే ఉంటుంది. ఇంకెలా గట్టిగా చెబుతుంది?

కాఫీ చేతిలోనే చల్లారిపోయింది. ఆ పిల్లని ఇవాళే ఓడ ఎక్కిస్తున్నారని చెప్పాను. ఆ సంగతి పెద్ద టీచరమ్మకి తెలియదు. ఆవిడ మొహం పాలిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. టీవీ కట్టేసి, చెప్పులేసుకుని, వీధిలోకి నడిచి ఆటో ఆపారు.

ఓడ ఆగే హాడోకి దూరమెంతని, రోజూ తిరిగే దారే. ఆ రోజు తెగలేదు. ముందు సిమెంటు లారీ, దాని ముందు ఇంకో లారీ. ఓడ కూత ఒకటి వినబడింది. అది ఎక్కమని కూతో, కదులుతున్నామని కూతో నాకు అర్థం కాలేదు. ఓడల మధ్యనే పుట్టి పెరిగినదాన్ని, ఆ తేడా తెలియదా? ఆ రోజు తెలియలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ చెయ్యీ చల్లగానే ఉంది.

జెట్టీ మీద జనం, ట్రంకు పెట్టెలు, ఎండుచేపల మూటలు. ఓడ మెట్లకి ఇంకా నాలుగు అడుగుల ఇవతల, పెట్టె మీద కూర్చుని నూకరత్నం కనబడింది. పక్కన మేనత్త, కాగితాలు చూసుకుంటూ నాన్న. నేను పరుగెత్తబోయాను. ఆవిడ మాత్రం పది అడుగులు ఇవతలే ఆగిపోయారు.

"నేను రాను. నువ్వు చెప్పు" అన్నారు.

"మీరు చెబితే వింటాడు మేడమ్. నా మాట ఎందుకు వింటాడు?"

"నేను చెబితే వింటాడు. కానీ సున్నా వేసింది నేను కాదు కదా పిల్లా."

ఆ పది అడుగులు ఎలా నడిచానో నాకు తెలియదు. అన్నయ్యా, నీ కూతురు తప్పలేదు, తప్పు నాది, నేను తనని ఒక్కసారి కూడా చూడలేదు, సోమవారం నోటి పరీక్ష మళ్ళీ పెడతాను అని గబగబా చెప్పేశాను. చుట్టూ నలుగురు తిరిగి చూశారు. అందులో మా వాడవాళ్ళూ ఉన్నారు.

"ఏటమ్మా ఇది?" అన్నాడతను. "మొన్న తప్పిందన్నారు, ఇయ్యాల తప్పలేదంతన్నారు. టికిట్టు తీసీసినాను. జహాజ్ నా కోసం ఆగుతాదేటి?"

వీడియోలో చూశానని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. అతని మొహంలో రంగు మారిపోయింది. "నా పిల్లకి ఈడియో ఏల తీసినారు?" అని గొంతు తగ్గించి అడిగాడు, గబుక్కున కూతురి నెత్తిమీద చెయ్యి వేసి. అతని భయం నాకు అర్థమైంది, నేనూ ఆ వాడలోనే పుట్టాను. బతికున్నవాళ్ళని కూడా తియ్యొచ్చన్నయ్యా అన్నాను. అది నా మాట కాదు. కానీ ఆ నిమిషానికి నా దగ్గరున్నది అదొక్కటే.

ఓడ దగ్గర ఎవరో త్వరగా ఎక్కమని హిందీలో కేకలేస్తున్నారు. మేనత్త మూట ఎత్తుకుంది. చివరికి అతను కూతుర్ని అడిగాడు, ఉంటావా, ఎళ్తావా అని. నూకరత్నం తలెత్తింది. నావైపు చూసింది. నేను చూపు తిప్పలేదు. కళ్ళు మండుతున్నా తిప్పలేదు. పిల్ల పెట్టె మీంచి కిందికి దిగి నిలబడింది.

"సోమారం దాకా సూత్తాను" అన్నాడు నాన్న. "మల్లీ సున్నాయే అయితే వొచ్చే జహాజ్‌కి పంపించీడమే. ఠీక్ హై?"

సరే అన్నాను. వెనక్కి తిరిగి చూస్తే పెద్ద టీచరమ్మ ఆ పది అడుగుల దూరంలో అలాగే నిలబడి ఉన్నారు, ఓడని చూస్తున్నట్టు.

ఆ తర్వాత ఆవిడ నా పాఠాలు చాలా తీశారు. నాకు భయం పోయిందని చెప్పను, పోలేదు. ఇప్పుడు నేనే తెలుగు సెక్షన్ చూసుకుంటున్నాను, అయినా తరగతిలోకి వెళ్ళేముందు అరచేతులు తడుస్తాయి. ఆ భయం ఎటు చూడాలో మాత్రం ఆవిడ నేర్పారు. నా అన్నం ఆవిడ పెట్టిందే అనుకుంటాను, పైకి ఎప్పుడూ అనలేదు. రిటైరయ్యాక కూడా ఎప్పుడు వెళ్ళినా కుశల ప్రశ్నలు ఉండేవి కావు. "ఈమధ్య ఎవర్ని చూడట్లేదు?" అని అడిగేవారు. పోయిన నెల కూడా అడిగారు. కళ్ళకి పొర కమ్మి, నేనెవరో గొంతుని బట్టి పోల్చుకుంటున్నారు, ప్రశ్న మాత్రం అదే. ఇద్దరి పేర్లు చెప్పాను. మూడో పేరు కూడా ఉంటుంది, ఆలోచించు అన్నారు. ఆలోచిస్తే ఉంది.

సమాధి అయిన మూడో రోజున వాళ్ళమ్మాయి నాకు ఒక అట్టపెట్టె ఇచ్చింది, నిండా పాత క్యాసెట్లు. చాలావాటికి బూజు పట్టింది. ఒకదాని మీద ఆవిడ చేతిరాతతో 'సోమవారం' అని ఉంది. స్టూడియో ఆయన దాన్ని ఎలాగో బాగుచేసి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాడు. నిన్న సాయంత్రం బడి అయ్యాక ఒక్కదాన్నే కూర్చుని చూశాను.

మార్కులు దిద్దాలంటే రుజువు కావాలని హెడ్మాస్టరు పట్టుబట్టినందుకు ఆవిడ తీసిన క్యాసెట్ అది. ఖాళీ తరగతి. ఒక బెంచీ మీద నూకరత్నం, ఎదురుగా నేను, వెనక గోడ దగ్గర చేతులు కట్టుకుని వాళ్ళ నాన్న. స్టూలూ పుస్తకాలూ లేవు, ఆవిడ కెమెరా భుజాన పెట్టుకుని తీశారు. వాన పాఠం చెప్పమని నేను అడిగాను. పిల్ల నేల చూసింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. నాన్న ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చాడు. ఇన్నేళ్ళ తర్వాత, ఏమవుతుందో తెలిసి కూడా, నాకు చెమటలు పట్టాయి. బయట చెప్పుల చప్పుడు వినబడింది. టీవీలో ఉన్న నా తల తిరగలేదు.

అప్పుడు నూకరత్నం మొదలుపెట్టింది. మొదటి మాట వినబడలేదు, రెండోది వినబడింది, మూడోది నాన్న దాకా వెళ్ళింది. నీరు, ఎండ, ఆవిరి, మబ్బు. నేను చెప్పిన పాఠం నేను చెప్పిన వరసలోనే. నేను ఎక్కడ తడబడ్డానో అక్కడ తడబడి, ఎక్కడ 'అంటే, అంటే' అన్నానో అక్కడ అని, మబ్బు దగ్గరికి వచ్చేసరికి నేను భయంతో దగ్గిన దగ్గు కూడా వదలకుండా దగ్గి, ముందుకు సాగింది.

ఆ దగ్గు దగ్గర బొమ్మ కదిలింది. గోడ, కిటికీ, నాన్న, పిల్ల, అన్నీ సన్నగా, ఆగకుండా కదులుతున్నాయి. శబ్దం పెంచి విన్నాను. కెమెరా వెనక ఆవిడ నవ్వు ఆపుకుంటున్నారో, ఏడుపు ఆపుకుంటున్నారో తెలియలేదు. నూకరత్నం మాత్రం ఆ ఊగే బొమ్మలోనే నిటారుగా కూర్చుని వాన కురిపిస్తోంది.